గంగుబాయి కిటికీలో డబ్బా

గంగుబాయి తండ్రి ఆమె తల్లిని మగ్గం కర్రతో కొట్టేవాడు. జోడ్‌భావి పేట్‌లో వాళ్లది ఒంటిగది ఇల్లు, అందులో సగం మగ్గానికే సరిపోయేది. లోపల చెయ్యెత్తితే మోచెయ్యి గోడకు తగిలేది. అందుకని ఆయన భార్యను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చుకొచ్చి మరీ కొట్టేవాడు. ఇరుగుపొరుగు చూసేవారు, చూసి లోపలికి పోయి తలుపులు వేసుకునేవారు. గంగుబాయికి ఆ దెబ్బలకన్నా ఆ తలుపుల చప్పుడే ఎక్కువ గుర్తు.

పెళ్లయి బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌కు వచ్చాక ఆమె వంతు వచ్చింది. భర్త నర్సప్ప పవర్‌లూమ్‌లో తువ్వాళ్లు నేసేవాడు. పళ్లెంలో ఉల్లిగడ్డ లేదని ఒకరోజు, చుట్టిన బీడీలు అప్పజెప్పే బ్రాంచి నుంచి ఆలస్యంగా వచ్చిందని మరొకరోజు, ఏ కారణం దొరకనిరోజు ఊరికే కొట్టేవాడు. ముందు పళ్లు రెండు అతని పిడికిలికే ఊడిపోయాయి. ఆమె వాటిని కొంగులో మూటగట్టుకుని, మూతి కడుక్కుని, మళ్లీ చేట ముందు కూర్చుని బీడీలు చుట్టింది. తెల్లారితే బ్రాంచిలో ఇయ్యాలి గదా.

అప్పుడే ఆమె అత్త నర్సమ్మ ఎవరూ చెయ్యని పని ఒకటి చేసింది. కొడుకు కోడల్ని గోడకేసి కొడుతుంటే, వంటింట్లోంచి స్టీలు పళ్లెం, గరిటె తీసుకుని వాకిట్లోకి వచ్చి నిలబడి వాయించసాగింది.

"సూడండ్రి, అందరు రాండ్రి. నా కడుపున పుట్టిన మొగోడు ఆడదాన్ని కొడుతున్నడు. ఎంత బలమున్నదో సూసి పోండ్రి" అంది.

నర్సప్ప బయటికొచ్చి అదే పళ్లెం లాక్కుని తల్లి నెత్తి మీద కొట్టాడు. తల పగిలి ముసలిదాని చీర నిండా నెత్తురు. ఆ నెత్తురు చూశాకే పక్కింటి నుంచి ఒకామె, ఎదురింటి నుంచి ఒకామె పళ్లేలు పట్టుకుని వచ్చారు. మొగుణ్ణి ఎవరూ తిట్టలేదు, లోపలికి అడుగుపెట్టలేదు. ఊరికే నిలబడి వాయించారు. అతను చెప్పులు వేసుకుని, తల వంచుకుని, వాళ్ల మధ్యలోంచే నడిచి పోవాల్సి వచ్చింది.

అట్లా మొదలైంది ఆ కాలనీలో పళ్లేల మోత. ఎవరింట్లో దెబ్బలు పడితే ఆ ఇంటి ముందు ఆడవాళ్లు చేరతారు. మాట్లాడకూడదు, గడప దాటకూడదు, మగవాడు బయటికి వచ్చేదాకా ఆపకూడదు. కొందరు నవ్వుకుంటూ బయటికొచ్చారు. రెండోసారి నవ్వినవాడు లేడు. నర్సమ్మ పోయింది. తర్వాత కొన్నేళ్లకు నర్సప్ప కూడా ఛాతీ నిండా నూలు పొట్టు చేరి, దగ్గి దగ్గి పోయాడు. మోత మాత్రం గంగుబాయి చేతిలో మిగిలింది. ఆమెకు నలుగురిలో మాట్లాడడం రాదు. వాయించడం వచ్చు.

కాలనీ పెద్దది. ఈ లైనులో మోత నాలుగో లైనుకు వినబడదు. అందుకని ఫోన్లు వచ్చాక, అందరి దగ్గరా ఉండే ఆ పెద్ద కంపెనీ చాట్ యాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. మగవాళ్లు దాని జోలికి రాకుండా, ఆడవాళ్ల పసుపుకుంకుమల పేరంటంలాగా 'హళ్దీ కుంకూ' అని పేరు పెట్టారు. అవసరం పడితే ఫోనులో పళ్లెం ఒక్కసారి కొట్టి ఆ చప్పుడు పంపితే చాలు, విన్నవాళ్లు విన్నట్టే లేచి వచ్చేవారు. రాతలు వద్దని, గొంతో చప్పుడో ఉంటేనే నమ్మాలని అందరూ అనుకున్న మాట.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. బీడీలు చుట్టే వేళ్లకు గీతలుండవు. ఆకు, తంబాకు, కత్తెర కలిసి బొటనవేలిని నున్నటి గులకరాయి చేస్తాయి. సిమ్ కొనడానికి పోతే అంగట్లో మిషన్ వాళ్ల వేలిని తీసుకోదు. "ఇంట్ల మగమనిషిని తోలుకరా కాకూ" అంటాడు అంగడివాడు, పిన్నీ అని పిలిచినట్టు. మొగుడు వచ్చి వేలు పెడతాడు, సిమ్ ఆమె ఫోనులో పడుతుంది. కాలనీలో ఆడవాళ్ల నంబర్లు దాదాపు అన్నీ ఇట్లా మగవాళ్ల పేర్ల మీద ఉన్నవే. గ్యాస్ బండ ఎవరి పేరు మీద ఉంటే ఏం, అన్నం ఉడుకుతుంది కదా అన్నట్టే దీన్నీ అనుకున్నారు. గంగుబాయికి పిల్లలు లేరు. ఆమె సిమ్ చెల్లెలి కొడుకు ఋషికేశ్ పేరు మీద ఉంది.

గ్రూపులోని ఆడవాళ్లలో ఆరతి ఒకతి. ఆమె మొగుడు విశాల్ ఒక పవర్‌లూమ్ షెడ్డులో జాబర్, అంటే లూమ్‌లు బిగించేవాడు. అతని జబ్బలు సుత్తులు. కొట్టడానికి లూమ్‌కు వాడే తోలు పట్టా ఇంటికి తెచ్చుకునేవాడు. మూడో లైను చివర వాళ్లిల్లు. అక్కడ పళ్లేలు చాలాసార్లు మోగాయి. ప్రతిసారీ అతను బయటికొచ్చి ఒక్కొక్కరి ముఖం నిదానంగా చూసి పోయేవాడు. మోత మొదలయ్యేది ఆరతి ఫోనులోంచని కనిపెట్టాడు.

ఒకనాడు అతను సిమ్ అంగడికి పోయి, తన కార్డు చూపించి, తన పేరు మీద ఉన్న ఆరతి సిమ్ పోయిందని చెప్పి ఇంకోటి తీసుకున్నాడు. అది తన ఫోనులో వేయగానే ఆరతి నంబరుతోపాటు ఆమె యాప్ కూడా అతని ఫోనులోకి వచ్చి కూర్చుంది. ఇంట్లో ఆరతి ఫోను అప్పుడే చచ్చిపోయింది.

ఆ మధ్యాహ్నం గంగుబాయి బీడీల కట్టలు గంపలో పెట్టుకుని బ్రాంచికి బయల్దేరుతూ గ్రూపులో అడిగింది. "ఆరతీ, పొద్దటి సంది నీ సప్పుడు లేదు. మంచిగున్నవా?"

జవాబు రాతలో వచ్చింది. బాగున్నాను కాకూ, పడుకున్నాను అని.

రాసిందెందుకు అని ఒక్క క్షణం అనిపించింది గంగుబాయికి. అప్పటికే గంప నెత్తికెత్తుకుంది. ఆలస్యమైతే బ్రాంచివాడు కట్టలు తీసుకోడు. నడిచిపోయింది.

ఆరతిని చూసింది యమునాబాయి. ఎదురిల్లే ఆమెది. ఆరతి ఇంటి స్నానాల గది తూములోంచి వస్తున్న నీళ్లు ఎర్రగా ఉన్నాయి. తలుపు తోసి చూస్తే లోపల ఆ పిల్ల మూలకు ముడుచుకుని ఉంది. మెడ కింది ఎముక చర్మంలోంచి పొడుచుకు రాబోతున్నట్టుంది. వీపు మీద పట్టా వాతలు ఒకదాని మీద ఒకటి పడి ఎక్కడ ఏది మొదలైందో తెలియలేదు. కుడిచేతి వేళ్లు మడమతో తొక్కినట్టు వాచిపోయాయి. ఆ వేళ్లలోనే చచ్చిన ఫోను ఇంకా ఉంది. నోట్లోంచి మాటకు బదులు బుడగలు వచ్చాయి.

సర్కారు దవాఖానలో విశాల్ అందరికన్నా ముందుగా ఏడ్చాడు. బాత్రూంలో జారిపడిందని పోలీసుకు చెప్పాడు. వరండాలో గంగుబాయి పక్కనుంచి పోతూ ఆగి, మెల్లగా, "ఈసారి మీ గిన్నెలు మోగలేదేంది కాకూ. వచ్చేసారి ఈమె లేవది, సూడు" అన్నాడు.

గంగుబాయి దవాఖాన నుంచి ఆరతిని ఇంటికి పోనియ్యలేదు. ఎవరి ఇంటికి పంపిందో తనకూ యమునాబాయికీ తప్ప మూడో మనిషికి తెలియనివ్వలేదు.

ఆరతి నంబరు విశాల్ ఫోనులో పడిందని తేలాక, ఋషికేశ్ ఆ చాట్ యాప్ కంపెనీకి ఫిర్యాదు పంపాడు. జవాబు వెంటనే వచ్చింది, మిషన్ రాసిన జవాబు. నంబరు ఎవరి పేరు మీద ఉందో అకౌంటు వాళ్లదే అని దాని అర్థం. మళ్లీ పంపితే మళ్లీ అదే.

"అంటే ఆరతి మాట గూడ విశాల్‌దే అన్నట్టు" అంది యమునాబాయి.

ఋషికేశ్‌కు ఇరవయ్యారేళ్లు. నీలం నగర్‌లో ఒక గది తీసుకుని, ఎంబ్రాయిడరీ మిషన్ల కంప్యూటర్లు బాగుచేస్తాడు. అతని గదిలో టిఫిన్ డబ్బా అంత నల్లటి పెట్టె ఒకటి పగలూ రాత్రీ వెలుగుతూ ఉంటుంది. చూపించడానికి దాన్ని ఒకపూట తెచ్చి గంగుబాయి అరుగు మీద పెట్టాడు. ఆడవాళ్లు ఆకు కత్తిరించడం ఆపకుండానే చుట్టూ చేరారు.

"ఇది ఏ కంపెనీది కాదు పెద్దమ్మా. మన మాటలు ఈ డబ్బాలనే ఉంటయి. ఇట్లాంటియి లోకంల శానా ఉన్నయి, ఒకదాంతోని ఒకటి మాట్లాడుకుంటయి. దీనికి నంబరు వద్దు, వేలిముద్ర వద్దు. ఒక పేరు, ఒక రహస్యం మాట, బస్."

"కరెంటు పోతే?" అంది రూపాలి. ఆమె ఇల్లు గంగుబాయి వెనక లైనులో.

"బ్యాటరీ పెట్టిన వదినా. శానాసేపు పోతే ఆగుతది."

"ఆ కంపెనీది ఆగదు గదా. నా చెల్లె భివండీల ఉన్నది, అది దాంట్లనే. బ్రాంచోడు ఆకు వచ్చిందని చెప్పేది దాంట్లనే. మా పిల్లల బడోళ్లు దాంట్లనే. అందరున్న బజారు ఇడిసిపెట్టి నీ ఒక్కని దుకాణానికి ఎందుకొస్త?"

"అక్కడ విశాల్ గూడ ఉన్నడు" అంది గంగుబాయి.

యమునాబాయి కత్తెర పక్కన పెట్టింది.

"నేనొకటి అడుగుత బాబూ, కోపం తెచ్చుకోకు. ఆ కంపెనీవాడు ఎక్కడ్నో ఉంటడు. నేను సచ్చినా బతికినా వానికి ఎరుక లేదు, ఆ మాట ఖరే. గని వాణ్ని ఎవడూ కొట్టలేడు. నిన్నయితే కొట్టొచ్చు. నాలుగు దెబ్బలు పడితే నువ్వు మా మాటలన్నీ ఇప్పి పెడతవా లేదా?"

ఋషికేశ్ నవ్వబోయి ఆగిపోయాడు. "ఇప్పలేను కాకూ. మాటలు మీ ఫోన్లనే తాళం పడి వస్తయి. తాళంచెవి నా దగ్గర ఉండదు. ఎవరెవరు చేరిన్రో పేర్లు మాత్రం కనిపిస్తయి."

"లేదంటే వాడు నమ్ముతడా?"

"నమ్మకపోతే నేనేం చేద్దు?"

"తన్నులు తింటవ్" అంది యమునాబాయి. అందరూ నవ్వారు. నవ్వుతూనే తన ఫోను తీసి అతని చేతిలో పెట్టింది. "పెట్టు. నా పేరు కుంకుమ్ అని పెట్టు. యమున అని పెట్టకు."

అందరూ పెట్టించుకోలేదు. యమునాబాయి, ఇంకో ముగ్గురు, గంగుబాయి చేరారు. దాచిన చోట ఆరతికి కూడా కొత్త ఫోనులో ఒక పేరూ రహస్యం మాటా పెట్టించి ఇచ్చారు. మిగతావాళ్లు ఆరతి నంబరును పాత గ్రూపులోంచి తీసేసి అందులోనే ఉండిపోయారు. రూపాలిని గంగుబాయి బలవంతపెట్టలేదు. అక్కచెల్లెళ్ల గొంతు రోజూ వినాలనుకోవడం తప్పెట్లా అవుతుంది.

తర్వాత రూపాలి పాత గ్రూపులో, మంచి ఉద్దేశంతోనే, "డబ్బాలకు పోయినోళ్లు అక్కడి సంగతులు ఇక్కడ గూడ చెప్పుండ్రమ్మా" అంది. ఆమె మొగుడు పని చేసేది విశాల్ ఉన్న షెడ్డులోనే. ఆ ఇంట్లో ఫోను ఇద్దరిదీ, డబ్బా సంగతి అట్లా విశాల్‌కు చేరింది.

విశాల్ నీలం నగర్‌కు పొద్దున్నే పోయాడు. ఋషికేశ్ గది పక్కనే లూమ్‌లు ఆడుతున్నాయి. లోపల మనిషి అరిచినా ఆ హోరులో బయటికి వినబడదు. విశాల్ తలుపు గడియ వేసి, ఋషికేశ్ ఎడమచెయ్యి బల్ల మీద పరిచి, మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు.

"డబ్బా తెరువు. నా పెండ్లాం ఏం మాట్లాడుతున్నదో ఇనాలె."

"నాకు తెరవరాదు అన్నా. తాళం—"

విశాల్ పానాతో చిటికెనవేలి మీద కొట్టాడు. "నీ డబ్బా, నీకు తెరవరాదా?"

"దేవుని తోడు అన్నా."

ఉంగరం వేలు. మధ్యవేలు. తెరవడం నిజంగా రాదని ప్రతి దెబ్బకూ చెప్పాడు ఋషికేశ్. నిజం చెప్పినకొద్దీ విశాల్‌కు మొండితనంలా కనబడింది. పానా తిప్పి దవడ మీద కొట్టాడు. తర్వాత కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టబోతే, ఋషికేశ్ గొంతులోంచి ఒక పేరు వచ్చింది.

"గంగు పెద్దమ్మ. అంతా ఆమెకే ఎరుక."

విశాల్ డబ్బాను ముట్టుకోలేదు. దానితో పని లేదనుకున్నాడు. తలుపు బార్లా తీసి బండెక్కి పోయాడు. ఋషికేశ్ నేల మీద పాకి ఫోను అందుకుని, నోట్లో నెత్తురు మింగుతూ కుడిచేతి వేలితో బటన్ నొక్కాడు.

గంగుబాయి చేట ముందు ఉంది. ఫోనులో కొడుకులాంటివాడి గొంతు. "పెద్దమ్మా, వస్తున్నడు. నేనే చెప్పిన. పో పెద్దమ్మా."

ఆమె లేచి నిలబడింది. వెనక తలుపు తీసి సందులోంచి పోవచ్చు. పోతే విశాల్ ఇక్కడ ఆగడు, ఆరతి ఇంటి ఎదురుగా ఉండే యమునాబాయిని పట్టుకుంటాడు. యమునాబాయికి షుగరు. ఒక్క దెబ్బకు చెప్పేస్తుంది. గంగుబాయి వంటింట్లోంచి పళ్లెం తెచ్చి, ఫోను దగ్గర ఒక్కసారి కొట్టి డబ్బా గ్రూపుకు పంపి, మళ్లీ వచ్చి చేట ముందు కూర్చుంది.

"ఎక్కడ పెట్టినవ్ కాకూ?" అన్నాడు విశాల్ గడప లోపలికి వచ్చి.

ఆమె బీడీ మూతి మడుస్తూ ఉంది. అతను చేటను ఒక్క తన్ను తన్నాడు. తంబాకు ఆమె కళ్లలో పడింది. కళ్లు మండి కనబడని ఆ క్షణంలోనే ఫోను లాక్కుని, ఆమె చెయ్యి మెలితిప్పి, బొటనవేలిని దాని మీద అదిమాడు. తెరుచుకోలేదు. ఇంకోసారి అదిమాడు. నున్నటి వేలు జారిపోయింది.

"నకరాలా?" అన్నాడు.

"ఆ వేలు ఏ మిషనూ పట్టది. నీ పెండ్లాం వేలు పట్టలేదనే గదా సిమ్ నీ పేరుకు వచ్చింది" అంది గంగుబాయి.

అతను ఆ వేలిని వెనక్కి వంచాడు. ఎండిన పుల్ల విరిగిన చప్పుడైంది. తర్వాత పట్టా తీశాడు. మొదటి దెబ్బ చెవి మీద పడింది. చెవిలో ఏదో పగిలి మెడ మీదికి వెచ్చగా కారింది. రెండోది, మూడోది వీపు మీద. "ఎక్కడ, ఎక్కడ" అని ప్రతి దెబ్బకూ అడిగాడు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఆమెకు ఆరతి ఉన్న ఊరి పేరు నాలుక చివరికి వచ్చింది. నిజంగా వచ్చింది. ఆమె నాలుకను పళ్లతో గట్టిగా పట్టుకుంది.

బయట పళ్లేలు మోగాయి.

వచ్చింది నలుగురే. వాళ్ల పద్ధతి ప్రకారం గడప బయట నిలబడి వాయించారు. విశాల్ బయటికి రావడానికి సిగ్గుపడలేదు. పట్టా చేతికి చుట్టుకుని వచ్చి, యమునాబాయి ముఖం మీద అడ్డంగా కొట్టాడు. ఆమె కనుబొమ్మ చీలి కన్ను మూసుకుపోయింది. గరిటె కింద పడింది. మిగతా ముగ్గురు ఒక అడుగు వెనక్కి వేశారు.

యమునాబాయి వెయ్యలేదు. పళ్లేన్ని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, దాని అంచుతో అతని నుదుటి మీద కొట్టింది. అన్నం పెట్టుకునే పళ్లెం ఎముకకు తగిలితే ఎట్లాంటి చప్పుడొస్తుందో ఆ రోజు అందరూ విన్నారు. అతను తూలి ఆమె జుట్టు పట్టుకున్నాడు. అప్పుడు ముగ్గురూ ఒక్కసారిగా మీద పడ్డారు. వాయించడానికి తెచ్చినవాటితోనే మూతి మీద, మెడ మీద, పట్టా పట్టిన మణికట్టు మీద కొట్టారు. గంగుబాయి లోపల్నుంచి పాక్కుంటూ వచ్చింది. నానిన ఆకు మీద బరువు పెట్టే బండరాయి ఆమె ఎడమచేతిలో ఉంది. అతని మోకాలి చిప్ప మీద దాన్ని దించింది. మళ్లీ దించింది. అతను కూలాక కూడా ఆమె చెయ్యి ఆగలేదు. యమునాబాయే వచ్చి పట్టుకుంది.

"బస్ గంగక్కా. సచ్చిపోతడు."

"పోనీ" అంది గంగుబాయి. రాయి మాత్రం వదిలింది.

అప్పటికి లైను నిండా జనం. మోత విని వచ్చినవాళ్లలో రూపాలి ఉంది. ఆమె చేతిలో పళ్లెం లేదు, ఫోను ఉంది. దాన్ని పైకీ కిందికీ తోసి చూస్తూ, "నా దాంట్ల ఏం రాలే. నాకేం రాలే అక్కా" అంటూనే ఉంది. మూడో లైను నుంచి యమునాబాయి తప్ప ఇంకెవరూ రాలేదు, నాలుగో లైను నుంచి ఎవరూ రాలేదు. వాళ్లకు ఆ చప్పుడు చేరనేలేదు.

పోలీసులు విశాల్‌ను దవాఖానకూ ఆడవాళ్లను స్టేషనుకూ తీసుకుపోయారు. కేసు రెండు వైపులా రాశారు. గంగుబాయి ఎడమచెవి ఇక వినబడదని డాక్టరు చెప్పాడు. ఆరతి ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు కనుక ఎవరికీ తెలియలేదు.

ఋషికేశ్‌ను చూడడానికి ఆమె నీలం నగర్ పోయింది. దవడకు కట్టు, ఎడమచేతికి సిమెంటు కట్టు. పెద్దమ్మ ముఖం చూడలేక గోడవైపు తిరిగాడు.

"నీ పేరు చెప్పిన" అన్నాడు.

"చెప్పకుంటే రెండో చెయ్యి గూడ పోతుండె. కంప్యూటర్లు నోటితోని బాగుచేస్తవా?" అంది ఆమె, పక్కన కూర్చుంటూ.

"డబ్బా బందు చేస్త పెద్దమ్మా. కంపెనీదే నయం. కొట్టనీకి అక్కడ మనిషి ఉండడు."

"కొట్టనీకి మనిషి ఉన్నందుకే నువ్వు నాకు ఫోన్ల చెప్పినవ్. కంపెనీవాడు చెప్తుండెనా?" ఆమె డబ్బా వైపు చెయ్యి చాచింది. "ఇటియ్యి. నా ఇంట్ల ఉంటది."

డబ్బా ఇప్పుడు గంగుబాయి వాకిటి కిటికీలో వెలుగుతోంది. రూపాలి ఇంకా పాతదాంట్లోనే ఉంది, చెల్లెలి కోసం. కానీ ఒకరోజు తన పేరు కూడా ఇందులో రాయించుకుపోయింది. నాలుగో లైను వాళ్లు కొందరు వచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్లతో గొడవపడడం మానేసి, వాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పి వచ్చే పని ఒక్కొక్కరూ పంచుకున్నారు.

విశాల్ జామీను మీద బయటికొచ్చాడు. కర్ర పొడుచుకుంటూ వచ్చి ఎదుటి గోడకు ఆనుకుని నిలబడి కిటికీవైపు చూస్తూ ఉంటాడు. నుదుటి మీద కుట్లు అట్లాగే ఉన్నాయి. గంగుబాయి నాలుగు వేళ్లతో బీడీ చుట్టడం నేర్చుకుంటోంది. సగం కట్టలు బ్రాంచిలో తిరిగి వస్తున్నాయి.

అతను అట్లా నిలబడ్డ ఒక సాయంత్రం ఋషికేశ్ వచ్చాడు. ఒక డబ్బా పగిలినా మాట ఆగకుండా ఇంకో రెండు కొన్నాడు. మూడిట్లోనూ ఒకే గ్రూపు నడుస్తుందని, ఏదో ఒకటి మిగిలినా చాలని చెప్పాడు.

"రెండోది యమున కాకూ ఇంట్ల పెట్టిన. మూడోది—"

గంగుబాయి వినబడే చెవిని అతనికి దూరంగా తిప్పుకుంది.

"అది నాకు చెప్పకు" అంది. "కొడితే చెప్పేస్తనేమో. మొన్న నోటి దాకా వచ్చింది."